అర్హత ఎవరు రాస్తారు? – 6: ఒహాయోలో పుట్టిన పరాయి బండి



పోయిన వారం భాగం చదివి మా కాలేజీ సెకండియర్ కుర్రాడొకడు స్టాఫ్ రూము బయట నన్ను ఆపాడు. వాళ్ళ నాన్న ఊళ్ళో మెకానిక్ షెడ్డు నడుపుతాడు. వీడు ఖాళీ దొరికితే ఫోన్లో అమెరికా కార్ల పందేలు చూస్తుంటాడు.

"సార్, ఒక డౌటు. హోండా కార్లు అమెరికాలోనే, ఒహాయోలోనే తయారవుతాయంట కదా. బిగించేది కూడా అమెరికా వాళ్ళే. మరి పందెం దగ్గరికొచ్చేసరికి దాన్ని 'ఇంపోర్ట్' అనే ఎందుకంటారు?"

నాకు వెంటనే జవాబు తోచలేదు. నేను చదివింది తెలుగు సాహిత్యం. కారు తోలడమే మొన్నమొన్న నేర్చుకున్నాను. కానీ వాడు అడిగింది కార్ల గురించి మాత్రమే కాదని అర్థమైంది. చేసిన చోటు మారినా, చేసిన చేతులు మారినా, పేరు మీద పడ్డ ముద్ర మారకపోవడం గురించి వాడు అడుగుతున్నాడు. ఆ సంగతి మనకి కొత్త కాదు. అందుకే కొన్ని వారాలు దీని మీదే కూర్చున్నాను. ఈసారి ఆ కథ చెప్తాను. కొంచెం పొడుగు. ఓపిగ్గా చదవండి.

ఎండిన చెరువుల్లో మొదలు

కాలిఫోర్నియా ఎడారిలో ఎండిపోయిన చెరువులున్నాయి. మ్యూరాక్, ఎల్ మిరాజ్ లాంటివి. నేల బల్లపరుపుగా, మైళ్ళకి మైళ్ళు ఉంటుంది. 1930లలో లాస్ ఏంజలెస్ కుర్రాళ్ళు పాత ఫోర్డులు చవగ్గా కొని, మడ్‌గార్డులు పీకేసి, ఇంజన్లు విప్పి సొంత చేతుల్తో మార్చుకుని అక్కడ పరిగెత్తించేవారు. ఆ బండ్లని హాట్ రాడ్లు అన్నారు. ఆ కుర్రాళ్ళలో తెల్లవాళ్ళే కాదు, జపాన్ నుంచి వలస వచ్చిన కుటుంబాల పిల్లలూ ఉన్నారు.

రెండో ప్రపంచ యుద్ధం తర్వాత ఈ పందేలు ఊరి వీధుల్లోకి వచ్చాయి. పత్రికలు వీళ్ళని రౌడీ మూకలన్నాయి. పోలీసులు తరిమారు. 1950లో శాంటా ఆనాలో ఒక విమానాల రన్‌వే మీద టిక్కెట్టు పెట్టి పందేలు మొదలయ్యాయి. 1951లో 'హాట్ రాడ్' పత్రిక సంపాదకుడు వాలీ పార్క్స్ నేషనల్ హాట్ రాడ్ అసోసియేషన్ పెట్టాడు. పొడి అక్షరాల్లో ఎన్‌హెచ్‌ఆర్‌ఏ. 1954లో వాళ్ళు ఒక ట్రైలర్ కట్టుకుని ఊరూరా తిరిగారు. పోలీసులకీ, ఊరి పెద్దలకీ నచ్చజెప్పారు. మేము రౌడీలం కాదు, పద్ధతిగా, భద్రంగా పందెం పెడతాం, మాకు చోటివ్వండి అని అడిగారు.

ఇది గుర్తుపెట్టుకోండి. తర్వాత కాలంలో గేటు దగ్గర నిలబడి ఎవరు లోపలికి, ఎవరు బయటికి అని తేల్చిన ఈ సంస్థ, ఒకప్పుడు తనే గేటు బయట నిలబడి చోటు అడిగింది.

ఆట నియమం చాలా తేలిక. రెండు బండ్లు పక్కపక్కన నిలబడతాయి. సూటిగా పావు మైలు. అంటే 402 మీటర్లు. ముందు చేరినవాడు గెలిచినట్టు. దీన్నే డ్రాగ్ రేసింగ్ అంటారు. 1955లో కాన్సస్ రాష్ట్రంలోని గ్రేట్ బెండ్ అనే చిన్న ఊళ్ళో మొదటి జాతీయ పోటీలు జరిగాయి.

అక్కడ రోడ్‌స్టర్ బండితో తన క్లాసులో గెలిచినవాళ్ళలో ఒకడి పేరు లారీ షినోడా.

షినోడా అనే అమెరికన్

షినోడా 1930లో లాస్ ఏంజలెస్‌లో పుట్టాడు. పుట్టుకతో అమెరికా పౌరుడు. కానీ జపాన్ నుంచి వచ్చిన వలస తరానికి పౌరసత్వం తీసుకునే హక్కు లేదు. చట్టం వాళ్ళని 'పౌరసత్వానికి అర్హత లేని విదేశీయులు' అంది. చూశారా, మన వరస పేరులో ఉన్న మాటే. 1913లో కాలిఫోర్నియా ఒక చట్టం చేసింది. అందులో జపాన్ అన్న పేరే లేదు. పౌరసత్వానికి అర్హత లేని విదేశీయులు సాగు భూమి కొనకూడదు, అంతే. ఎవరి పేరూ ఎత్తకుండా ఎవరిని బయట పెట్టాలో వాళ్ళని పెట్టేసింది.

ఈ అర్హత ఎలా కొలిచారో చూడండి. 1922లో టకావో ఒజావా అనే జపాన్ మనిషి సుప్రీంకోర్టుకి వెళ్ళాడు. నా ఒంటి రంగు తెలుపే, నేను తెల్లవాడినే అన్నాడు. కోర్టు ఒప్పుకోలేదు. రంగు లెక్కకాదు, తెల్లవాడంటే శాస్త్రం చెప్పే కాకేసియన్ జాతివాడు, నువ్వు కాదు అంది. మూడు నెలల తర్వాత, 1923లో, మన పంజాబ్ నుంచి వెళ్ళిన భగత్ సింగ్ థింద్ కేసు వచ్చింది. శాస్త్రం ప్రకారం నేను కాకేసియన్‌నే అన్నాడాయన. అక్కడితో ఆగలేదు. తాను పైకులం ఆర్యుణ్ణని, తన కులం వేరే రక్తం కలవకుండా కాపాడుకుందని వాదన పెట్టాడు. అప్పుడు అదే కోర్టు, అదే న్యాయమూర్తి సదర్లాండ్ కలంతో, శాస్త్రం మాకక్కర్లేదు, తెల్లవాడంటే మామూలు జనం ఎవరిని తెల్లవాడనుకుంటారో వాడే అని తీర్పు రాసింది.

ఒకాయన కొలబద్దకి ఎదురు తిరిగి ఓడిపోయాడు. రెండో ఆయన ఆ కొలబద్దకి సరిపోయాడు, దాంతో కొలబద్దనే మార్చేశారు. థింద్ పట్టుకెళ్ళిన పైకులం సర్టిఫికెట్ సముద్రం దాటాక చెల్లలేదు. ఆ సర్టిఫికెట్ చూపించి ఇంకొకణ్ణి తక్కువ చేస్తే తనకి చోటు దొరుకుతుందనుకున్నాడు. దొరకలేదు.

ఇప్పుడు షినోడా దగ్గరికి రండి. 1942 ఫిబ్రవరిలో అధ్యక్షుడు రూజ్‌వెల్ట్ ఉత్తర్వు మీద జపాన్ మూలాలున్న దాదాపు 1,20,000 మందిని ముళ్ళకంచెల శిబిరాలకి తరలించారు. అందులో మూడింట రెండొంతుల మంది పుట్టుకతోనే అమెరికా పౌరులు. అప్పటికి షినోడాకి పన్నెండేళ్ళు. మాంజనార్ శిబిరంలో పెరిగాడు.

ఆ పిల్లవాడే పెద్దయ్యి తన బండికి 'చాప్‌స్టిక్స్ స్పెషల్' అని పేరు పెట్టుకుని గ్రేట్ బెండ్‌లో గెలిచాడు. మరుసటి ఏడాది జనరల్ మోటార్స్‌లో చేరాడు. 1963 కార్వెట్ స్టింగ్ రే రూపకల్పనలో అతని చెయ్యి ఉంది. తర్వాత ఫోర్డుకి వెళ్ళి బాస్ 302 మస్టాంగ్‌కి రూపం ఇచ్చాడు. అమెరికావాడు 'ఇది మా కారు' అని గుండె మీద చెయ్యేసుకుని చెప్పే రెండు కార్లు అవి. వాటి గీతలు గీసింది, దేశం చిన్నప్పుడు కంచె వెనక పెట్టిన ఒక మనిషి.

అతని కార్లకి ఏ గేటు దగ్గరా అడ్డు రాలేదు. ఫోర్డు, షెవర్లే అన్న పేర్లు వాటి ముఖాన ఉన్నాయి కదా.

'స్టాక్' అంటే ఏమిటి?

డ్రాగ్ రేసింగ్‌లో చాలా తరగతులున్నాయి. రాకెట్‌లాంటి బండ్ల నుంచి మామూలు ఇంటి కార్ల దాకా. ఆ మామూలు కార్ల తరగతినే 'స్టాక్' అంటారు. షోరూములో ఏ బండి దొరుకుతుందో ఆ బండి. మార్పులు చాలా తక్కువ. డబ్బున్న టీములు లేని మెకానిక్‌లు, స్కూలు టీచర్లు, పెట్రోలు బంకు ఓనర్లు శని ఆదివారాల్లో ఆడే ఆట ఇది. దాని అందమే అది.

మరి చిన్న బండినీ పెద్ద బండినీ ఎలా పోటీ పెట్టాలి? దానికొక లెక్క కట్టారు. కంపెనీ చెప్పిన బరువుని ఇంజన్ హార్స్‌పవర్‌తో భాగిస్తారు. 3,400 పౌన్ల బండికి 340 హార్స్‌పవర్ ఉంటే ఒక్కో హార్స్‌పవర్ 10 పౌన్లు లాగాలి. 2,400 పౌన్ల బండికి 120 ఉంటే 20 పౌన్లు లాగాలి. ఈ అంకెని బట్టి ఒక్కో బండికి ఒక్కో అక్షరం క్లాసు. వేరు వేరు క్లాసుల బండ్లు ఎదురుపడితే నెమ్మదైన బండికి లైటు ముందు వెలుగుతుంది, అది ముందు బయల్దేరుతుంది. అందరూ ఒకచోటి నుంచి మొదలవ్వలేదని ఒప్పుకుని, దానికి తగ్గట్టు లెక్క సరిచేసే ఏర్పాటిది. రిజర్వేషన్ అంటే అన్యాయమని క్లాసులో నాతో వాదించే పిల్లలకి ఈ లైటు సంగతి చెప్పాలనిపిస్తుంది.

కాగితం మీద చూస్తే ఇంత న్యాయమైన లెక్క ఇంకోటి ఉండదు. ఇందులో బండి ఎక్కడ పుట్టిందన్న ప్రశ్నే లేదు. బరువు ఉందా? హార్స్‌పవర్ ఉందా? భాగించు. మరి ఈ లెక్కలో డాట్సన్, టొయోటా, హోండా ఎందుకు పట్టవు?

ఎందుకంటే లెక్క కంటే ముందు ఒక పుస్తకం ఉంది. ఏ కంపెనీ, ఏ మోడల్, ఏ ఏడాది, ఏ ఇంజన్, ఎంత బరువు, ఎంత హార్స్‌పవర్ అని వరసగా రాసిన వర్గీకరణ జాబితా. అందులో పేరుంటేనే నీ బండి ఉన్నట్టు. పేరు లేకపోతే నీ బండికి బరువూ లేదు, బలమూ లేదు. అసలు అది బండే కాదు. స్టాక్ క్లాసు పుట్టింది ప్రధానంగా అమెరికా కంపెనీల కార్ల కోసం. ఆ పుస్తకంలో కనపడేవి కూడా ఎక్కువగా ఫోర్డు, షెవర్లే, ప్లిమత్, డాడ్జ్, పాంటియాక్‌లే. ఆదివారం పందెం గెలిస్తే సోమవారం షోరూములో బండ్లు అమ్ముడవుతాయన్నది డెట్రాయిట్ కంపెనీల నమ్మకం. వాళ్ళకి ఆ పుస్తకం వ్యాపారం.

పోనీ ఆ పుస్తకంలో ఉన్నవన్నీ నిజాయితీ బండ్లా? 1964లో ఫోర్డు సూపర్ స్టాక్ పందేల కోసమే థండర్‌బోల్ట్ అనే బండ్లు సుమారు 100 కట్టింది. ఇది స్టాక్‌కి పై మెట్టు. మామూలు కుటుంబం ఆ కారు కొని సంతకి వెళ్ళదు. 1968లో ఫోర్డే 428 కోబ్రా జెట్ మస్టాంగ్ తెచ్చి ఇంజన్ బలం 335 హార్స్‌పవరే అని ప్రకటించింది. నిజానికి అంతకంటే చాలా ఎక్కువని పందెం తెలిసిన ప్రతివాడికీ తెలుసు. అంకె తగ్గిస్తే తేలిక క్లాసులో పడొచ్చు, అదీ కిటుకు. ఆ ఏడాది పొమోనా పోటీల్లో ఆ కారే సూపర్ స్టాక్ గెలిచింది. ఇలాంటి అబద్ధాలు చూసీ చూసీ, కంపెనీ అంకెల పక్కన సంస్థ తన సొంత అంకె వేసుకునే పద్ధతి పెట్టుకుంది.

అంటే పెద్ద కంపెనీ అబద్ధం చెప్తే అంకె సరిదిద్దారు. బండిని బయటికి నెట్టలేదు. 100 బండ్లు మాత్రమే కట్టిన కారు మామూలు కారే. లక్షల కుటుంబాలు రోజూ తోలే కారు మాత్రం పుస్తకంలో లేదు. 'మామూలు' అనే మాటకి అర్థం ఎవరు రాస్తున్నారో చూడండి.

ఒక మాట నిజాయితీగా చెప్పాలి. విదేశీ బండ్లు డ్రాగ్ పందేల్లో అసలే లేవని కాదు. 1960లలో మార్పులు ఎక్కువ చేసుకునే గ్యాస్ క్లాసుల్లో ఫోక్స్‌వాగన్ బీటిల్ పరిగెత్తింది. ఇంగ్లండు ఫోర్డు ఆంగ్లియా డొక్కులో అమెరికా వి-8 ఇంజన్ పెట్టి పరిగెత్తించారు. పక్క గదుల్లో చోటు ఉంది. 'మామూలు కారు' అనే ముందు గదిలోనే ఇబ్బంది.

నీ దగ్గరున్నదే తెచ్చుకో

లాస్ ఏంజలెస్ రేవులో టెర్మినల్ ఐలాండ్ అని ఒక దీవి ఉంది. 1942కి ముందు అక్కడ దాదాపు 3,000 మంది జపాన్ మూలాల జనం ఉండేవారు. మగవాళ్ళు చేపల వేటకి వెళ్ళేవారు. ఆడవాళ్ళు చేపల డబ్బాల ఫ్యాక్టరీల్లో పనిచేసేవారు. 1942 ఫిబ్రవరిలో నౌకాదళం వాళ్ళకి 48 గంటలు గడువిచ్చింది. సామాన్లు అయినకాడికి అమ్ముకుని వెళ్ళిపోయారు. వెనక ఇళ్ళు కూలగొట్టేశారు.

ఆ దీవి మీదే 1974లో ఒక పందెం బాట తెరుచుకుంది. పేరు బ్రదర్‌హుడ్ రేస్‌వే పార్క్. తెరిచింది బిగ్ విల్లీ రాబిన్సన్ అనే నల్లజాతి మనిషి. ఆరున్నర అడుగుల ఎత్తు, కండలు తిరిగిన ఒళ్ళు. 1965లో లాస్ ఏంజలెస్‌లోని వాట్స్ ప్రాంతంలో నల్లజాతి జనం తిరగబడ్డప్పుడు 34 మంది చనిపోయారు. ఆ మంటల తర్వాతే అతను వీధి పందేల కుర్రాళ్ళని, నల్లవాళ్ళని, తెల్లవాళ్ళని, మెక్సికన్లని, ఆసియావాళ్ళని ఒకచోటికి చేర్చాడు. పక్కపక్కన నిలబడి పందెం వేసినవాళ్ళు ఒకళ్ళనొకళ్ళు చంపుకోరని అతని నమ్మకం. భార్య టొమికో కూడా రేసరే. ఇద్దరూ కలిసి పోలీసులతో, నగర పెద్దలతో ఏళ్ళ తరబడి పోరాడి ఆ బాట నడిపారు. మూతలు పడుతూ, తెరుచుకుంటూ అది 1995 దాకా నడిచింది.

అక్కడి పద్ధతి ఒక్కటే. నీ దగ్గర ఏ బండి ఉంటే అదే తెచ్చుకో.

పొమోనాకీ టెర్మినల్ ఐలాండ్‌కీ దూరం ఎంతో లేదు. కానీ రెండు చోట్లా అడిగే మొదటి ప్రశ్నలు వేరు. ఒకచోట 'నీ పేరు పుస్తకంలో ఉందా?' అంటారు. ఇంకోచోట 'ఏం తెచ్చావు, చూపించు' అంటారు. భద్రత నియమాలు రెండు చోట్లా కావాలి, అందులో తేడా లేదు. తేడా మనిషిని లోపలికి పిలిచే తీరులో ఉంది.

బియ్యం బండి

1973 అక్టోబరులో అరబ్ దేశాలు చమురు ఆపాయి. అమెరికాలో పెట్రోలు బంకుల ముందు క్యూలు కట్టారు. గాలన్‌కి పది పన్నెండు మైళ్ళిచ్చే పెద్ద పెద్ద కార్లు బరువైపోయాయి. జపాన్ చిన్న కార్లు ఇంటింటికీ వచ్చాయి. 1980 నాటికి అమెరికాలో అమ్ముడయ్యే ప్రతి అయిదు కార్లలో సుమారు ఒకటి జపాన్‌ది. డెట్రాయిట్‌లో ఫ్యాక్టరీలు మూతపడ్డాయి. లక్షల మంది కూలీలు వీధిన పడ్డారు. ఆ బాధ నిజం. దాన్ని మనం తక్కువ చెయ్యకూడదు.

కానీ కోపం ఎటు మళ్ళిందో చూడండి. చిన్న కార్లు కట్టమంటే కట్టని యాజమాన్యాల మీదికి పోలేదు. టొయోటా కార్లని సమ్మెటలతో పగలగొట్టే తమాషాలు జరిగాయి. కార్మిక సంఘం ఆఫీసుల ముందు 'విదేశీ కార్లు ఇంకెక్కడైనా ఆపుకోండి' అనే అర్థంతో బోర్డులు పెట్టారు. జపాన్ బండికి 'రైస్ బర్నర్' అని తిట్టుపేరు పెట్టారు. బియ్యం మండించే బండి అని. బియ్యం తినేవాళ్ళది కాబట్టి. తిట్టు కారు మీద పెట్టారు గానీ, అది తగలాల్సింది అన్నం తినే మనిషికి. మూడు పూటలా అన్నం తినే మనం ఆ మాటలో తిట్టు ఎక్కడుందో వెతుక్కోవాలి.

1982 జూన్ 19న డెట్రాయిట్‌లో విన్సెంట్ చిన్ అనే 27 ఏళ్ళ యువకుడు పెళ్ళికి ముందు స్నేహితులతో బయటికి వెళ్ళాడు. అక్కడ క్రైస్లర్ కంపెనీ ఫోర్‌మన్ రోనాల్డ్ ఎబెన్స్, అతని సవతి కొడుకు మైఖేల్ నిట్జ్ గొడవ పెట్టుకున్నారు. మీవల్లే మా పనులు పోయాయని తిట్టారని ప్రత్యక్ష సాక్షి చెప్పింది. వెంటాడి పట్టుకుని బేస్‌బాల్ బ్యాటుతో తల పగలగొట్టారు. నాలుగు రోజుల తర్వాత చనిపోయాడు. చిన్ జపాన్ వాడు కాదు. చైనాలో పుట్టి అమెరికాలో పెరిగినవాడు. 1983లో జడ్జి చార్లెస్ కౌఫ్‌మన్ ఇద్దరికీ మూడేళ్ళ ప్రొబేషను, తలా 3,000 డాలర్ల జరిమానా వేశాడు. జైలు లేదు. తర్వాత ఫెడరల్ కోర్టులో ఎబెన్స్‌కి పడిన 25 ఏళ్ళ శిక్ష అప్పీలులో కొట్టుకుపోయింది. ఒక్కరోజు కూడా శిక్ష ఖైదు అనుభవించలేదు.

3,000 డాలర్లు. కారంచేడు, చుండూరు తీర్పులు చదివిన మనకి ఈ అంకె చూడగానే ఏదో గుర్తుకొస్తుంది. వేరే వివరణ అక్కర్లేదు.

అదే 1982 నవంబరులో ఒహాయో రాష్ట్రం మేరీస్‌విల్‌లో హోండా ఫ్యాక్టరీ నుంచి మొదటి అకార్డ్ బయటికొచ్చింది. బిగించింది అమెరికా కార్మికులు. 1989లో అమెరికాలో అన్నిటికంటే ఎక్కువ అమ్ముడైన కారు హోండా అకార్డే. షోరూములో దొరికే మామూలు కారంటే ఇంతకంటే మామూలు కారేముంటుంది? అయినా అది 'ఇంపోర్టే'. మా కుర్రాడి ప్రశ్న పుట్టింది ఇక్కడే.

మళ్ళీ ఎడారికి

1990లో ఫ్రాంక్ చోయ్ అనే కొరియన్ మూలాల యువకుడు లాస్ ఏంజలెస్‌కి ఉత్తరాన పామ్‌డేల్‌లోని డ్రాగ్ బాట మీద ఒక పోటీ పెట్టాడు. పేరు 'బాటిల్ ఆఫ్ ది ఇంపోర్ట్స్'. తిట్టుగా వాడే మాటనే జెండా చేశాడు. మనకి తెలిసిన పనే. పామ్‌డేల్ ఎక్కడుందనుకున్నారు? 1930లలో హాట్ రాడ్లు మొదలైన ఆ ఎండిన చెరువుల ఎడారిలోనే.

వచ్చినవాళ్ళు ఎక్కువగా ఆసియా, లాటినో కుటుంబాల పిల్లలు. అమ్మానాన్నల పాత సివిక్, సీఆర్‌ఎక్స్, ఇంటెగ్రాలు వాళ్ళ బండ్లు. ఈ కార్లతో పావు మైలు పరిగెత్తడం నిజంగానే కష్టం. డ్రాగ్ పందెంలో బండి బయల్దేరగానే బరువంతా వెనక్కి జరుగుతుంది. వెనక చక్రాలు తిప్పే అమెరికా బండికి అది వరం, పట్టు పెరుగుతుంది. ముందు చక్రాలు తిప్పే హోండాకి అది శాపం, తిరిగే చక్రాలే పైకి తేలతాయి. నాలుగు సిలిండర్ల ఇంజన్ చూసి నవ్వేవాళ్ళు ఎలాగూ ఉన్నారు. ఈ పిల్లలు జపాన్ నుంచి వచ్చిన సెకండ్‌హ్యాండ్ ఇంజన్లు తెచ్చి బిగించారు. టర్బోలు పెట్టారు. మెత్తటి పందెం టైర్లు ముందుకి మార్చారు. బరువు వెనక్కి జరగకుండా వెనకవైపు చక్రాల కడ్డీలు బిగించారు. ఎవరూ నేర్పలేదు. పుస్తకంలో లేనివాళ్ళకి పాఠం చెప్పేవాళ్ళుండరు.

జనం వేలల్లో వచ్చారు. జనం వస్తే డబ్బు వస్తుంది. డబ్బు వస్తే గేటు తెరుచుకుంటుంది. 2001లో రెండు జరిగాయి. ఒకటి, 'ది ఫాస్ట్ అండ్ ది ఫ్యూరియస్' సినిమా. దానికి మూలం 1998లో వైబ్ పత్రికలో కెన్నెత్ లీ రాసిన వ్యాసం. అది న్యూయార్క్‌లో డొమినికన్ మూలాలున్న ఒక రేసర్ గురించి. సినిమాలో ఆ స్థానంలో వేరే హీరోలొచ్చారు. ఆసియా కుర్రాడికి విలన్ వేషం దక్కింది. రెండోది, ఎన్‌హెచ్‌ఆర్‌ఏ ఈ చిన్న కార్ల కోసం విడిగా 'స్పోర్ట్ కాంపాక్ట్' పోటీల వరస మొదలుపెట్టింది.

విడిగా అన్న మాట చూడండి. సొంత గది, సొంత తాళం, తాళంచెవి మాత్రం ఇంటాయన దగ్గర. ఆ గదిలోకి జనరల్ మోటార్స్ డబ్బుతో షెవర్లే, పాంటియాక్ చిన్న కార్లు కూడా వచ్చి గెలిచాయి. 2007 సీజన్‌తో ఆ వరస ఆపేశారు. గది ఎవరు కట్టారో వాళ్ళే తాళం వేశారు.

అదే సమయంలో ఇంకో తమాషా. సంస్థ అతి పెద్ద క్లాసుల్లో ఒకటైన ఫన్నీ కార్‌లో టొయోటా బొమ్మతో బండ్లు వచ్చాయి. ఎవరూ ఆపలేదు. ఎందుకంటే పైన టొయోటా ఆకారపు కార్బన్ ఫైబర్ తొడుగు, లోపల క్రైస్లర్ హెమీ వంశపు వి-8 ఇంజన్. ముఖం నీదైనా ఫర్వాలేదు, గుండె మాదైతే చాలు అన్నమాట.

మరి స్టాక్ క్లాసు? ఆ పుస్తకంలో ఇప్పుడు కొన్ని విదేశీ పేర్లున్నాయి. అదే లెక్క, బరువుని హార్స్‌పవర్‌తో భాగించడమే. లెక్కలో ఒక్క అంకె మార్చాల్సిన పని పడలేదు. పేరు రాయడమే కావాల్సింది. నన్ను ఆపేసింది ఇదే. మొదటి నుంచీ అడ్డం ఇంజన్‌లో లేదు, లెక్కలో లేదు. రాసే చేతిలో ఉంది.

పేరెక్కడం చిన్న విషయం అనను. విడి గది కంటే అది చాలా మేలు. విడి గదిని ఎవరైనా ఒక సీజన్‌లో మూసేస్తారు. ఉమ్మడి పుస్తకంలో ఎక్కిన పేరు తీసెయ్యాలంటే కారణం చెప్పాలి. అందుకే మన పెద్దలు ఆలయ ప్రవేశం కంటే చట్టంలో రాతని, ఓటుని, చదువులో సీటుని గట్టిగా అడిగారు.

ముద్ర

కులాన్నీ కార్లనీ ఒకే గాటన కడుతున్నానని ఎవరూ అనకండి. కారుకి అవమానం తెలియదు. అమెరికా జాతి వివక్షా మన కులమూ ఒకటి కాదు, వాటి చరిత్రలు వేరు. నేను చూపించేది ఒక్క పద్ధతి. ఎవరి పేరూ ఎత్తని నియమం, దాని ముందు ఒక జాబితా, ఆ జాబితా వెనక ఒక చెయ్యి. కొలతకి సరిపోతే కొలతే మారిపోవడం. 'తగిన అభ్యర్థి దొరకలేదు' అని ఇంటర్వ్యూ బోర్డులు ఖాళీగా వదిలేసే మన రిజర్వుడు పోస్టుల సంగతి రెండో భాగంలో రాశాను. మళ్ళీ రాయను.

ఇంకొక్కటి మాత్రం చెప్పాలి. మన తెలుగు కుటుంబాల్లో వేలమంది పిల్లలు అమెరికాలో ఉన్నారు. కొత్తలో సెకండ్‌హ్యాండ్ కామ్రీయో, కరోలానో కొనుక్కుని ఆఫీసుకి వెళ్తారు. 2017 ఫిబ్రవరి 22న కాన్సస్‌లోని ఒలేతా ఊళ్ళో కూచిభొట్ల శ్రీనివాస్ అనే మన హైదరాబాద్ ఇంజనీరుని ఒక తెల్లవాడు కాల్చి చంపాడు. మా దేశం వదిలి పొమ్మని అరిచాడు. ఇరాన్ వాడనుకున్నాడట. 1982లో చైనా మనిషిని జపాన్ వాడనుకుని చంపారు. 2017లో తెలుగు మనిషిని ఇరాన్ వాడనుకుని చంపారు. ముద్ర వేసేవాడికి వివరాలతో పనిలేదు. థింద్ చూపించిన సర్టిఫికెట్ ఆ రాత్రి ఎవరు చూపించినా ఆగేది కాదు. అమెరికా వెళ్ళి కూడా కులం సంఘాలు కట్టుకునే మనవాళ్ళు ఈ సంగతి ఒకసారి కూర్చుని ఆలోచిస్తే బాగుంటుంది.

ఇదంతా రాసే ముందు మా కుర్రాణ్ణి పిలిచి క్యాంటీన్‌లో టీ తాగుతూ చెప్పాను. బిగ్ విల్లీ దగ్గర వాడి కళ్ళు మెరిశాయి. షినోడా బొమ్మ ఫోన్లో వెతికి చూశాడు. కాసేపు మాట్లాడలేదు. తర్వాత అన్నాడు.

"సార్, మా నాన్న ఇరవయ్యేళ్ళ నుంచి ఇంజన్లు విప్పుతున్నాడు. చెవి పెట్టి వింటే చాలు, ఎక్కడ పోయిందో చెప్పేస్తాడు. పోయినేడు టౌన్లో ఒక షోరూములో మెకానిక్ కావాలంటే వెళ్ళాడు. ఐటీఐ సర్టిఫికెట్ ఉందా అన్నారంట. లేదన్నాడు. బండి చూపించండి, బాగుచేసి చూపిస్తానన్నాడు. చూపించలేదు సార్."

నేనేమీ అనలేకపోయాను.

వాళ్ళ నాన్నకి చదువు ఎందుకు దక్కలేదో మీకు తెలుసు. వచ్చే భాగం అక్కడి నుంచే మొదలుపెడతాను. ఈలోగా మీ ఊళ్ళో, మీ ఇంట్లో, చేతిలో పని ఉండీ పుస్తకంలో పేరు లేనివాళ్ళ కథలుంటే కింద రాయండి. పేర్లు మార్చి రాయండి, ఊరి పేరు వద్దు. అవన్నీ చదివాకే రాస్తాను.

జై భీమ్.